200 గజాల్లో ఇల్లు: పెద్ద బెడ్‌రూమ్ గ్రౌండ్ ఫ్లోర్‌లోనే పెట్టాలని ఉంది, సలహా కావాలి

ఓరుగల్లు_గూడు
శనివారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. హన్మకొండలో మాకు 200 గజాల ప్లాటు ఉంది. తూర్పు రోడ్డు, ముఖం 30 అడుగులు, లోతు 60 అడుగులు. బాపు రిటైర్ అయినప్పుడు వచ్చిన డబ్బుతో కొన్నారు. దసరా దాటాక ముగ్గు పోయించాలని అనుకుంటున్నాం.

ఇంజనీరు ఇచ్చిన మొదటి ప్లాన్ ఇదీ: కింద కారు పార్కింగ్, దాని వెనక కిరాయికి ఒక సింగిల్ బెడ్‌రూమ్ పోర్షన్. పైన మేమందరం. మా కాలనీలో కొత్తగా కట్టినవన్నీ దాదాపు ఇలాగే ఉన్నాయి. బాపుకు కూడా నచ్చింది, నెలనెలా కిరాయి వస్తుందని.

నాకు మాత్రం మనసు ఒప్పుకోవడం లేదు. అమ్మకు 66 ఏళ్లు, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. ఇప్పుడు అమ్మా బాపు ఉంటున్న కిరాయి ఇల్లు పై అంతస్తులో, 19 మెట్లు. అమ్మ ఎడమ చేత్తో రెయిలింగ్ పట్టుకుని పక్కకు తిరిగి ఎక్కుతుంది. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనిన తర్వాతే పై మెట్టు. సగం దూరంలో ఆగి, కొంగుతో ముఖం తుడుచుకుని, "నువ్వు పో బిడ్డా, నేను మెల్లగ వస్తా" అంటుంది. కూరగాయల బండి వస్తే కిందికి దిగడం మానేసి పైనుంచి తాడుకు సంచి కట్టి వదులుతోంది. సొంత ఇల్లు కట్టి కూడా ఆమెను ఆ మెట్లే ఎక్కించాలా?

అందుకే పెద్ద బెడ్‌రూమ్ కిందే, నైరుతిలో, అమ్మా బాపులకు అనుకుంటున్నాను. నేను హైదరాబాద్ నుంచి వచ్చేశాక మేమిద్దరం, పిల్లలు పైన. దీనికి ఇంట్లోనే రెండు అడ్డంకులు. కిరాయి పోతుందని బాపు. "పెద్ద గది మీకే ఉండనీ, మాకు మూలకు చిన్న గది చాలు" అని అమ్మ. కింద బెడ్‌రూమ్ పెట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే మంచీ చెడూ చెప్పండి.

—

ముగ్గుపోత
శనివారం, రాత్రి 10:05

తమ్ముడూ, నేను కరీంనగర్‌లో సైట్ ఇంజనీరును. గదుల సంగతి కాసేపు పక్కన పెట్టు. ముందు బేస్‌మెంట్ ఎత్తు, అంటే రోడ్డు కంటే ఇంటి నేల ఎంత పైకి ఉండాలో తేల్చుకో. కింద పెద్దవాళ్లు ఉండే ఇంటికి ప్లాన్ అక్కడే మొదలవుతుంది.

ఎందుకంటే వీల్‌చైర్ ఎక్కే ర్యాంపుకి లెక్క ఒకటికి పన్నెండు. అంటే 1 అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు. మేస్త్రీ మామూలుగా వేసే 3 అడుగుల బేస్‌మెంట్ వేశావనుకో, ర్యాంపు 36 అడుగులు కావాలి. మీ ప్లాటు మొత్తం 60. ఎక్కడ పెడతావు? అలాగని ఎత్తు తగ్గిస్తే రోడ్డు నీళ్లు లోపలికి వస్తాయి. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో వరంగల్, హన్మకొండ కాలనీల్లోకి నీళ్లు ఎలా వచ్చాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. నయీంనగర్ నాలా చుట్టుపక్కల ఇళ్లలో మంచాలు మునిగాయి.

కాబట్టి మూడు విషయాలు చెప్పు. ఆ రెండుసార్లూ మీ వీధిలో నీళ్లు ఎంత వరకు నిలిచాయి? సీసీ రోడ్డు పడిందా, ఇంకా పడాలా? మోరీ ఏ వైపు ఉంది? రోడ్డు పడకపోతే మాత్రం జాగ్రత్త. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోతారు, పదేళ్లకు మన గేటు గుంతలో ఉంటుంది.

—

గోదారి_గట్టు
ఆదివారం, ఉదయం 6:40

బాబూ, మీ అమ్మగారి గురించి చదివి రాత్రి నిద్ర పట్టలేదు. నేను రాజమండ్రిలో టీచరుగా చేసి రిటైర్ అయ్యాను. నాకు 71 ఏళ్లు. మేము 2009లో ఇల్లు కట్టుకున్నప్పుడు గాలి బాగా వస్తుందని పైన ఉండి, కింద అద్దెకిచ్చాం. అప్పుడు మా ఇద్దరికీ మెట్లు లెక్కలోకే రాలేదు.

నాలుగేళ్ల క్రితం మా వారు తెల్లవారుజామున బాత్‌రూమ్‌లో పడిపోయారు. తలుపు లోపలికి తెరుచుకునేది. ఆయన సరిగ్గా తలుపుకి అడ్డంగా పడ్డారు. లోపల గడియ. నేను బయట నిలబడి నెడుతుంటే తలుపు నాలుగు వేళ్లు కూడా జరగలేదు. ఆయన మూలుగు వినపడుతోంది, చెయ్యి అందడం లేదు. కింద అద్దెకున్న కుర్రాడు వచ్చి వెంటిలేటర్ అద్దాలు తీసి అందులోంచి దూరి, ఆయన్ని పక్కకు జరిపాడు. తర్వాత ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకుంటూ మెట్లు దింపారు. ఆ మెట్ల మలుపు దగ్గర కుర్చీ తిరగక ఎంతసేపు ఆగారో నాకే తెలుసు.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ తర్వాత మళ్లీ పైకి ఎక్కలేక, అద్దెకున్నవాళ్లని బతిమాలి ఖాళీ చేయించుకుని మేమే కిందికి దిగాం. కానీ ఆ పోర్షన్ అద్దె కోసం కట్టింది కదా. బాత్‌రూమ్ తలుపు రెండు అడుగులే. వాకర్ పట్టదు. గది చిన్నది, మంచానికి ఒక వైపే చోటు.

కింద కట్టేది అద్దెకైనా సరే, రేపు మనమే అందులో ఉండాల్సి వస్తుందనుకుని కట్టండి. బాత్‌రూమ్ తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టించండి. ఇదొక్కటీ మర్చిపోవద్దు నాయనా.

—

తెల్లగన్నేరు
ఆదివారం, ఉదయం 8:15

టీచర్ గారూ, మీ పోస్టు మా ఆయనకు చదివి వినిపించాను. ఇవాళే మా అత్తమ్మ గది బాత్‌రూమ్ గడియ మార్పిస్తున్నాం. బయటి నుంచి రూపాయి బిళ్లతో తిప్పితే తెరుచుకునే గడియలు దొరుకుతాయి.

—

కాలు_నడక
ఆదివారం, ఉదయం 11:30

నేను గుంటూరులో ఫిజియోథెరపిస్టును. మోకాళ్ల నొప్పులు, మోకీలు మార్పిడి అయినవాళ్లే నా దగ్గరికి ఎక్కువగా వస్తారు. వాళ్ల ఇళ్లకు వెళ్లి వ్యాయామం చేయిస్తుంటాను కాబట్టి ఇల్లు ఎక్కడ ఇబ్బంది పెడుతుందో చూస్తూనే ఉంటాను.

ఓరుగల్లు గారూ, ఈలోగా అమ్మగారికి ఒక మాట చెప్పండి. రెండు మోకాళ్లలో ఎక్కువ నొప్పి ఏ కాలిదో చూసుకుని, ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు వేయమనండి. చాలా తేడా ఉంటుంది.

ఇంక గది విషయం. అందరూ గది ఎంత పెద్దదని అడుగుతారు. నేను మంచం నుంచి కమోడ్ దాకా దారి ఎలా ఉందని అడుగుతాను. వయసు పైబడినవాళ్లు రాత్రి రెండు మూడు సార్లు లేస్తారు. నిద్ర మత్తు, చీకటి, కాళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. ఆ ఏడెనిమిది అడుగుల్లో గడప ఉండకూడదు, కాళ్ల కింద పట్టా ఉండకూడదు, మలుపులో బీరువా మూల ఉండకూడదు. మంచం పక్కనే చెయ్యి చాపితే అందే స్విచ్ ఉండాలి. నేలకు జానెడు ఎత్తులో చిన్న లైటు రాత్రంతా వెలిగేలా పెట్టించండి.

తలుపులు చెక్కల మధ్య కొలిస్తే ఖాళీ 3 అడుగులు రావాలి. దర్వాజ సైజు 3 అడుగులని ఇస్తే చెక్కలు పోను ఖాళీ అంతకంటే తగ్గిపోతుంది, అందుకే మూడున్నర అడుగుల దర్వాజ చెప్పండి. బాత్‌రూమ్‌లో వీల్‌చైర్ తిరగాలంటే 5 అడుగుల గుండ్రం ఖాళీ కావాలి. కమోడ్ సీటు నేల నుంచి 18 అంగుళాలు ఉంటే మోకాళ్ల మీద బరువు తగ్గుతుంది. గోడకు బిగించే కమోడ్ అయితే మనకు కావలసిన ఎత్తులో పెట్టుకోవచ్చు. పక్క గోడకు పట్టుకునే కడ్డీ, సుమారు 33 అంగుళాల ఎత్తులో. తువ్వాలు వేసే కడ్డీ పట్టుకుని లేవబోయి, అది ఊడి వచ్చి పడ్డవాళ్లను నేను చూశాను.

మంచానికి రెండు వైపులా 3 అడుగులు వదలండి. ఒకవైపు గోడకు ఆనించిన మంచం మీద మనిషికి సేవ చేయడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుస్తుంది.

—

ముగ్గుపోత
ఆదివారం, మధ్యాహ్నం 12:10

ఫిజియో గారు చెప్పిన కడ్డీకి నా వైపు నుంచి ఒక మాట. ఈ మధ్య లోపలి గోడలన్నీ తేలిక బ్లాకులతో కడుతున్నారు. వాటిలో మామూలు స్క్రూ పట్టు ఉండదు, మనిషి బరువు పడితే ఊడుతుంది. కడ్డీ వచ్చే గోడ ఎర్ర ఇటుకతో కట్టించు. లేదా కడ్డీ రెండు కొసలూ వచ్చే చోట కాంక్రీటు దిమ్మె పెట్టించి, దాని ఫోటో తీసి ఉంచుకో. టైల్స్ వేశాక దిమ్మె ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు.

—

ఈశాన్యం
ఆదివారం, సాయంత్రం 5:45

నల్గొండ నుంచి రాస్తున్నాను. ముప్పై ఏళ్లుగా వాస్తు చూస్తున్నాను. అమ్మగారు "మూల గది చాలు" అన్నారు కదా, ఆమెకు ఇలా చెప్పండి: నైరుతి గది ఇంటి యజమానిది. ఆ స్థలం కొన్నది మీ బాపు. ఆయన ఉండగా ఆ గది ఆయనదే. పై అంతస్తులో నైరుతి గది మీరు తీసుకోండి. ఎవరి స్థానం వారికి ఉన్నట్టే. శాస్త్రం పేరు చెబితే పెద్దవాళ్లు మొహమాటం వదులుకుని ఒప్పుకుంటారు.

అటాచ్‌డ్ బాత్‌రూమ్ మాత్రం నైరుతి మూలలోకి, ఈశాన్యంలోకి రానివ్వకండి. దక్షిణం మధ్యలో గానీ పడమర మధ్యలో గానీ సర్దుకోవచ్చు. తూర్పు రోడ్డు కాబట్టి వంట ఆగ్నేయంలో, అంటే ముందు వైపు వస్తుంది. తల దక్షిణానికి పెట్టుకునేలా మంచం వేయండి.

గడప గురించి అడుగుతారని ముందే చెబుతున్నాను. సింహద్వారానికి గడప ఉండాలి, దానికి పసుపు కుంకుమ పెట్టుకోవాలి. లోపలి గదులకు, బాత్‌రూమ్‌కి గడప లేకపోయినా దోషం లేదు. సింహద్వారం గడపను కూడా నేలలోకి దించి అర అంగుళం మాత్రమే పైకి కనపడేలా పెట్టించుకున్నవాళ్లు ఉన్నారు. కాలు తట్టుకోదు, పూజకు లోటు రాదు.

—

కిరాయి_లెక్క
ఆదివారం, రాత్రి 8:30

నాన్నగారి వైపు నుంచి కూడా ఎవరో ఒకరు మాట్లాడాలి కదా. పెన్షన్ మీద బతికే మనిషికి నెలనెలా వచ్చే కిరాయి ధైర్యం. దాన్ని తీసిపారేయకండి.

మేము ఖమ్మంలో చేసింది చెబుతాను. కింద అమ్మానాన్నలు, పైన మేము. కానీ మెట్లు హాల్లోంచి కాకుండా వరండాకీ హాలుకీ మధ్య పెట్టాం. మెట్ల దగ్గర రెండు తలుపులు. ఒకటి హాల్లోకి, ఒకటి బయటికి. మేము అందరం ఉన్నన్నాళ్లు హాలు వైపు తలుపు తెరిచే ఉంటుంది, ఒకే ఇల్లు. నాకు బదిలీ అయి మూడేళ్లు విశాఖలో ఉన్నప్పుడు ఆ తలుపు మూసేసి పైన కిరాయికి ఇచ్చాం. కరెంటు మీటర్లు, నీళ్ల పైపులు రెండు అంతస్తులకు మొదటి నుంచే విడివిడిగా పెట్టించాం కాబట్టి ఏ గొడవా రాలేదు.

కిరాయికి ఇవ్వాల్సింది పై అంతస్తు. పైన ఉండేవాళ్లు వయసులో ఉన్నవాళ్లు, మెట్లు ఎక్కుతారు. మన అమ్మానాన్నలు కిందే ఉంటారు.

—

ఓరుగల్లు_గూడు
ఆదివారం, రాత్రి 10:50

ఇంతమంది ఇంత శ్రద్ధగా రాస్తారనుకోలేదు. బాపుకు అన్నీ చదివి వినిపించాను. టీచర్ గారి పోస్టు దగ్గర ఆయన లేచి వెళ్లి బయట కూర్చున్నారు. కాసేపటికి వచ్చి "పైదే కిరాయికి ఇద్దాంలే, నువ్వు హైదరాబాద్ నుంచి వచ్చేదాకా" అన్నారు. ఖమ్మం అన్నా, మీ మెట్ల ఐడియా మాకు సరిగ్గా సరిపోయింది.

ముగ్గుపోత అన్నా అడిగినవి: మా వీధి కొంచెం మెరక. 2020లోనూ, 2023లోనూ రోడ్డు మీద చీలమండ వరకు నీళ్లు పారాయి గానీ నిలవలేదు. సీసీ రోడ్డు పడింది, రెండు వైపులా మోరీలు ఉన్నాయి.

—

తెల్లగన్నేరు
సోమవారం, మధ్యాహ్నం 1:20

కోడలిగా ఒక మాట చెప్పనా? ఉప్పల్‌లో మా ఇల్లు డూప్లెక్స్. అత్తమ్మ, మామయ్య కింద. పెద్ద గదే ఇచ్చాం. కానీ ఆ గది తలుపు నేరుగా హాల్లో టీవీ ఎదురుగా ఉంది. మా పిల్లలకు ఆన్‌లైన్ క్లాసులు, స్నేహితులు, మా ఆయన ఆఫీసు ఫోన్లు అన్నీ హాల్లోనే. మామయ్య తొమ్మిదికి పడుకుంటారు. ఎనిమిదిన్నర నుంచి ఇంట్లో అందరం గుసగుసలాడుకోవాలి. ఎవరిదీ తప్పు కాదు, తలుపు పెట్టిన చోటు తప్పు. తలుపు ముందు నాలుగడుగుల నడవా ఉండి, మలుపు తిరిగి గదిలోకి వెళ్లేలా ఉంటే ఇద్దరికీ హాయిగా ఉండేది.

ఇంకోటి. మేము పైన పడుకుంటే కింద ఏం జరిగినా వినపడదు. అత్తమ్మకు ఒకసారి రాత్రి షుగర్ పడిపోయింది, మామయ్య పిలిస్తే మాకు తెలియలేదు. ఫోన్ చార్జింగ్‌లో హాల్లో ఉంది. ఇప్పుడు వాళ్ల మంచం పక్కన కాలింగ్ బెల్ స్విచ్ పెట్టాం, మోత మా గదిలో. కట్టేటప్పుడే వైరు లాగితే గోడలు పగలగొట్టే పని ఉండదు. బాత్‌రూమ్‌లో కూడా ఒక స్విచ్ పెట్టించండి, నేలకు దగ్గరగా. పడిపోయిన మనిషికి పై స్విచ్ అందదు కదా.

—

టెక్సాస్_తెలుగిల్లు
సోమవారం, రాత్రి 11:55

మేము డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. ఇక్కడ నేల మీద అంతస్తునే ఫస్ట్ ఫ్లోర్ అంటారు, అందుకే మొదట్లో మా అమ్మకు ఫోన్లో "నీ గది ఫస్ట్ ఫ్లోర్‌లో" అని చెబితే కంగారు పడింది. ఇక్కడ మన తెలుగువాళ్లు ఇల్లు కొనేటప్పుడు మొదట చూసేది కింద బాత్‌రూమ్‌తో కలిసి ఒక బెడ్‌రూమ్ ఉందా అని. అమ్మానాన్నలు వస్తే ఆరు నెలలు ఉంటారు కదా.

మేము చేసిన పొరపాటు చెబుతాను. గది చూశాం, కిటికీలు చూశాం, ఆ బాత్‌రూమ్‌లో టబ్బు ఉందని మాత్రం పట్టించుకోలేదు. స్నానానికి ఆ టబ్బు అంచు దాటి లోపలికి అడుగు పెట్టాలి. అమ్మ మొదటి రోజే "నాకు భయంగా ఉందిరా" అంది. చివరికి గచ్చు మీద ప్లాస్టిక్ స్టూలు వేసుకుని, బకెట్, చెంబుతో చేద్దామంటే ఆ నేల నీళ్లు పోయేలా కట్టింది కాదు. టబ్బు తీయించి నేలకు సమంగా షవర్ పెట్టించడానికి చాలా ఖర్చయింది. ఇల్లు కట్టేటప్పుడే చెప్పి ఉంటే చిన్న మార్పు.

మీ ఇంట్లో టబ్బు ఉండదని తెలుసు. కానీ స్నానం చేసే చోటికీ మిగతా బాత్‌రూమ్‌కీ మధ్య మేస్త్రీలు చిన్న గట్టు కడతారు చూడండి, అదీ ఇలాంటిదే.

—

ముగ్గుపోత
మంగళవారం, ఉదయం 7:10

నిజమే. ఆ గట్టు వద్దంటే ప్రతి మేస్త్రీ "నీళ్లు గదిలోకి వస్తాయి సార్" అంటాడు. రావు. స్నానం చేసే చోటు బాత్‌రూమ్ చివర్లో, తలుపుకి దూరంగా పెట్టాలి. నేల వాలు అటు వైపు ఇవ్వాలి. ఆ చివర గోడ పొడవునా సన్నటి జాలీ కాలువ వేస్తే నీళ్లన్నీ అందులోకి పోతాయి. కింది అంతస్తు కాబట్టి నేల నింపేటప్పుడే లెవెల్ సర్దుకోవచ్చు, స్లాబ్ దించే బాధ లేదు. టైల్స్ మెరిసేవి కాకుండా గరుకువి, చిన్న సైజువి తీసుకో. అతుకులు ఎక్కువ ఉంటే కాలు పట్టు బాగుంటుంది.

మీ వీధి మెరక అన్నావు కాబట్టి ఎత్తు ఇలా పెడదాం. పార్కింగ్ రోడ్డు కంటే 6 అంగుళాలు ఎత్తు. ఇంటి నేల పార్కింగ్ కంటే 1 అడుగు ఎత్తు. మొత్తం రోడ్డు కంటే అడుగున్నర. అమ్మగారు కారులో లోపలికి వచ్చేస్తారు, కాబట్టి అసలు ర్యాంపు కావలసింది పార్కింగ్ నుంచి వరండాకి మాత్రమే. 1 అడుగుకి 12 అడుగులు. ఇంటి ముందు 15 అడుగులు వదిలావనుకో, ఉత్తరం వైపు గోడ వెంట 4 అడుగుల వెడల్పున నేరుగా సింహద్వారం దాకా పోతుంది. కారు దక్షిణం వైపు, వంటగది ముందు.

కింద పడుకునే గదికి రెండు శత్రువులు ఉన్నాయి, చెమ్మ, చెదలు. పునాది తవ్వగానే ఒకసారి, నేల నింపాక ఒకసారి చెదల మందు కొట్టించు. ప్లింత్ బీము (గోడల కింద నేల మట్టంలో వేసే కాంక్రీటు పట్టీ) మీద తేమ ఎక్కకుండా పొర వేయించకుండా గోడ లేపనివ్వకు. ఇవి పైకి కనపడవు కాబట్టి చాలామంది వదిలేస్తారు. మూడో వానాకాలానికి మంచం వెనక గోడ సున్నం రాలుతుంది.

నైరుతి గదికి పడమటి ఎండ గోడ మీద నేరుగా పడుతుంది. మే నెలలో రాత్రి పది దాకా ఆ గోడ వేడి వదలదు. పడమటి గోడ 9 అంగుళాలకు తగ్గకూడదు, కిటికీ మీద సజ్జ రెండున్నర అడుగులు ఇవ్వు. పైన మీ గది ఉంది కాబట్టి స్లాబ్ వేడి వాళ్లకు తగలదు. అది కింద ఉండేవాళ్ల అదృష్టం.

—

ఓరుగల్లు_గూడు
బుధవారం, రాత్రి 9:30

రెండో ప్లాన్ వచ్చింది. మాటల్లో రాస్తాను, తప్పులుంటే చెప్పండి.

పక్కలకు మూడున్నర అడుగుల చొప్పున, వెనక 4 అడుగులు, ముందు 15 అడుగులు వదిలితే ఇల్లు 23 వెడల్పు, 41 పొడవు. నైరుతిలో అమ్మా బాపుల గది, ఉత్తర దక్షిణాలు 12 అడుగులు, తూర్పు పడమరలు 14. ఆ గదికి తూర్పున ఆనుకుని వాళ్ల బాత్‌రూమ్ 6 బై 9. దాని తర్వాత మెట్లు, ఆ తర్వాత ఆగ్నేయంలో వంటగది. అంటే వంటింటికీ బాత్‌రూమ్‌కీ మధ్య మెట్లు వస్తాయి. వాయవ్యంలో 9 బై 11 చిన్న బెడ్‌రూమ్, వచ్చిపోయేవాళ్లకు. దాని పక్కన కామన్ బాత్‌రూమ్. ఈశాన్యం వైపు హాలు, 12 బై 22, అందులో మూలకు పూజ. పెద్ద గది తలుపు ఉత్తరం గోడకు, చిన్న నడవాలోకి తెరుచుకుంటుంది. హాల్లో టీవీ దగ్గర కూర్చుంటే ఆ తలుపు కనపడదు. తెల్లగన్నేరు అక్కా, ఇది మీ చలవే.

మెట్లు మధ్యలోకి వచ్చాయి కాబట్టి ఖమ్మం అన్న చెప్పినట్టు వరండా దగ్గర పెట్టడం కుదరలేదు. ఇంజనీరు దక్షిణం వైపు సందులోంచి మెట్ల గదిలోకి ఒక తలుపు ఇచ్చారు. హాలు వైపు ఇంకో తలుపు. కిరాయివాళ్లు సందులోంచి పైకి వెళ్లిపోతారు.

—

కిరాయి_లెక్క
బుధవారం, రాత్రి 9:50

సందు మూడున్నర అడుగులంటున్నారు. కిరాయివాళ్ల బీరువా, ఫ్రిజ్ ఆ మలుపులో తిరుగుతాయా? మెట్ల దగ్గర తలుపు మూడున్నర అడుగులు పెట్టించి, హాలు వైపు నుంచి కూడా సామాను ఎక్కించే వీలు ఉంచుకోండి. సామాను వచ్చేది రెండేళ్లకోసారే కదా, ఆ రోజుకి హాల్లోంచి తీసుకుపోవచ్చు.

—

ఈశాన్యం
గురువారం, ఉదయం 6:30

బాత్‌రూమ్ ఇంటికి దక్షిణం మధ్యలో వచ్చింది, గదికి ఆగ్నేయంలో వచ్చింది. ఇబ్బంది లేదు. పార్కింగ్ నుంచి వరండాకి మెట్లు ఎన్ని పెట్టారు? 1 అడుగు ఎత్తుకి రెండు మెట్లు పెడతారు సాధారణంగా. మూడు పెట్టండి, బేసి సంఖ్య మంచిది.

—

కాలు_నడక
గురువారం, ఉదయం 9:05

మూడు మెట్లంటే ఒక్కోటి 4 అంగుళాలే అవుతుంది. మోకాళ్లకు అంతకంటే మంచి మెట్టు లేదు. తప్పకుండా మూడే పెట్టండి. ర్యాంపు ఉంది కదా అని మెట్ల పక్కన కడ్డీ మానేయకండి. నడవగలిగినన్నాళ్లు చాలామంది ర్యాంపు కంటే తక్కువ ఎత్తు మెట్లనే ఇష్టపడతారు, వాలు మీద దిగేటప్పుడు మోకాలు ముందుకు తోసుకుపోతుందని భయం.

—

గోదారి_గట్టు
గురువారం, ఉదయం 10:20

బాబూ, ప్లాన్ బాగుంది. ఒక్క సంగతి చెబుతాను, ఇంజనీర్లకు తోచనిది. ఆ గది ఇంటికి వెనక మూల. వీధి కనపడదు. కాళ్లు బాగుండకపోతే మనిషి ఆ గదిలోనే ఎక్కువ సేపు గడుపుతుంది. పాలవాడు వచ్చాడా, ఎదురింటి పిల్ల కాలేజీకి వెళ్లిందా, ఇవి చూస్తుంటేనే మాకు పొద్దు గడుస్తుంది. మా వారు ఇప్పుడు రోజంతా వీధి కిటికీ దగ్గర కుర్చీ వదలరు. అమ్మగారికి ముందు వైపు కూర్చునే చోటు ఒకటి ఆలోచించండి.

—

ఓరుగల్లు_గూడు
ఆదివారం, సాయంత్రం 6:15

ఇవాళ అమ్మను ప్లాటు దగ్గరికి తీసుకెళ్లాను. అసలు ముగ్గుకి ఇంకా టైం ఉంది, కానీ కాగితం మీద చూపిస్తే అమ్మకు అర్థం కాలేదు. అందుకే బాపూ నేనూ టేపు పట్టి కొలిచి, మేకులు కొట్టి, నైరుతి గది ఒక్కటీ సున్నంతో గీశాం. మంచం, బీరువా, బాత్‌రూమ్, కమోడ్ ఉండే చోటు అన్నీ గీశాం. మంచం చోట ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టాను.

"ఇప్పుడు రాత్రి రెండయింది, బాత్‌రూమ్‌కి లేచావనుకో" అన్నాను. లేచి నడిచింది. తొమ్మిది అంగలు పట్టాయి. తలుపు దగ్గర ఆగి కుడి చేత్తో గాలిలో ఏదో వెతుక్కుంది. పట్టుకోవడానికి. ఆ చోట మేకు కొట్టాను, అక్కడ ఒక కడ్డీ వస్తుంది. బీరువా గీత మీద కొంగు పడింది, దాన్ని పడమటి గోడకు మార్చాం. రెండోసారి నడిస్తే ఏడు అంగలు.

మళ్లీ కూర్చుని చుట్టూ చూసింది. "ఇంత పెద్ద గదా మాకు?" అంది. ఈశాన్యం గారు చెప్పినట్టే చెప్పాను, నైరుతి యజమానిదని. బాపు వైపు చూసి నవ్వింది. ఇంకేం అనలేదు.

టీచర్ గారూ, మీ మాట కూడా అడిగాను. ఎక్కడ కూర్చుంటావు అంటే, సింహద్వారం పక్కన నిలబడి "ఇక్కడ అరుగు కట్టించు, మా అమ్మగారింట్ల ఉండె" అంది. వరండాలో వంటగది గోడకు ఆనించి 5 అడుగుల అరుగు పెడుతున్నాం. ఎత్తు ఎంత అనేది కూడా చూశాం. ఇటుకలు పేర్చి కూర్చోబెడుతూ పోయాను. చేతులు ఆనించకుండా లేవగలిగింది 18 అంగుళాల దగ్గర. అరుగు మీద ఏ రాయి వేయించాలి? మేస్త్రీ కడప రాయి అంటున్నాడు.

—

ముగ్గుపోత
ఆదివారం, సాయంత్రం 7:00

కడప రాయి నల్లగా ఉంటుంది, తూర్పు ముఖం కాబట్టి పొద్దున్నే ఎండ పడి కాలుతుంది. తాండూరు రాయి వేయించు. పాలిష్ ఎక్కువ పట్టించకు. అంచు గుండ్రంగా కొట్టించు, తొడ వెనక ఒత్తుకోదు. కడ్డీ కోసం కొట్టిన మేకు చోటు మూలల నుంచి కొలిచి ప్లాన్ మీద రాసుకున్నావా? వాన పడితే సున్నం పోతుంది.

—

ఓరుగల్లు_గూడు
ఆదివారం, సాయంత్రం 7:10

రాసుకున్నాను అన్నా. బాపు తన డైరీలో కూడా రాసుకున్నారు.